భండార్కర్ రోడ్డులో ఒక పూట

ఈ వ్యాసం రాయడానికి నీకేం అర్హత ఉందని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. నేను బి.కామ్. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. సైన్సు పదో తరగతితోనూ, పద్యాలు మా తాతతోనూ పోయాయి. అయినా మొన్న పుణేలో గడిపిన ఒక పూట నన్ను వదలడం లేదు. మన పత్రిక చదివే కుటుంబాల్లో చాలామంది ఇళ్ళలో ఇనప్పెట్టెల అడుగున ఇలాంటి పుస్తకాలే ఉండి ఉంటాయి కాబట్టి రాస్తున్నాను.

మా తాత కరీంనగర్ వైపు నుంచి షోలాపూరుకు మగ్గం పని మీద వచ్చాడు. పగలు చద్దర్లు నేసి, రాత్రి కందిలి ముందు కూర్చుని భర్తృహరి సుభాషితాలు రాసుకునేవాడట. సంస్కృతంలోవి కాదు, ఏనుగు లక్ష్మణకవి తెలుగు పద్యాలు. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి చోపడీ. ఒకవైపు నూలు బాకీల లెక్కలు, తిరగేస్తే పద్యాలు. ఎవరి పుస్తకం చూసి రాశాడో మాకు తెలియదు. మా వెనక వీధి పెద్దనాయన ఇంట్లో కూడా అలాంటిదే ఒకటుంది. "మా నాయన రాసిందే అసలు, మీ తాత మా ఇంటికొచ్చి చూసి రాసుకున్నడు" అని ఆయన అంటాడు. మా నాయన ఉన్నన్నాళ్ళు దీనికి సరిగ్గా తలకిందులుగా చెప్పాడు. మార్కండేయ గుడి రథం రోజున ఇద్దరూ కలిస్తే ఈ తగవు తప్పనిసరి.

మా అమ్మాయి పుణేలో జెనెటిక్స్ ఎమ్మెస్సీ పూర్తి చేసింది. మంచి విత్తనాల కంపెనీలో ఉద్యోగం వచ్చేలా ఉంది. ఇంతలో ఒకరోజు ఫోను. "బాపూ, నాకు చేతిరాత ప్రతుల మీద పని చెయ్యాలని ఉంది. వచ్చేటప్పుడు ముత్తాత చోపడీ పట్టుకురా" అంది. జన్యువులు చదివిన పిల్లకు పాత పద్యాలతో పనేమిటి? నాకు నిజంగానే కోపం వచ్చింది. రెండేళ్ళ ఫీజు కళ్ళముందు తిరిగింది. మాట్లాడి మనసు మార్చుదామనే తెల్లవారుజామున హుతాత్మా ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చోపడీ మాత్రం సంచిలో పెట్టుకున్నాను.

స్టేషను నుంచి తిన్నగా లా కాలేజీ రోడ్డుకు తీసుకెళ్ళింది. వెనక గుట్ట, ముందు చెట్లు, వాటి మధ్య భండార్కర్ ప్రాచ్యవిద్యా సంశోధన మందిరం. బయట రోడ్డు మీద హారన్ల మోత, గేటు దాటితే ఆకులు రాలే చప్పుడు. రామకృష్ణ గోపాల్ భండార్కర్ పేరు మీద 1917 జూలై 6న మొదలైన సంస్థ ఇది. ఆయన తన సొంత గ్రంథాలయాన్ని కూడా దీనికే ఇచ్చేశాడు. ఇరవై ఎనిమిది వేల దాకా చేతిరాత ప్రతులు ఇక్కడ ఉన్నాయి. 2004 జనవరి 5న ఒక గుంపు లోపలికి చొరబడి వాటిలో ఎన్నింటినో చిందరవందర చేసిన సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చు. ఆ రోజు నేను టీవీలో చూసి, కాసేపు అయ్యో అనుకుని మర్చిపోయాను.

లోపల ఒక పెద్దాయన మాకు మహాభారతం సంపుటాలు చూపించాడు. అంతా మరాఠీలోనే సంభాషణ. 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన పని అది. 1,259 ప్రతులు, పంతొమ్మిది సంపుటాలు. ముగింపు సభకు 1966 సెప్టెంబరు 22న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆ పేరు వినగానే నేను కొంచెం నిటారుగా కూర్చున్నాను.

పేజీ తెరిచి చూద్దును కదా, పైన నాలుగైదు శ్లోకాలు, కింద పేజీ నిండా చిన్న అక్షరాలు. బ్యాలెన్సు షీటు ఒక పేజీ, దాని వివరణలు నలభై పేజీలు ఉన్నట్టు. కాశ్మీరు శారద లిపి ప్రతిలో ఏముంది, బెంగాలీలో ఏముంది, మలయాళంలో ఏముంది, గ్రంథంలో ఏముంది, అన్నీ ఉన్నాయి. "టి" అని కనబడితే తెలుగు లిపి ప్రతి. ఒక శ్లోకాన్ని గళ్ళ కాగితం మీద అక్షరానికో గడి చొప్పున రాసుకుని, దాని కింద ఒక్కో ప్రతిలో ఎక్కడ ఏ అక్షరం మారిందో అదే గడి కింద నింపేవారట. ఈ పని నడిపించిన విష్ణు సీతారామ్ సుక్తాంకర్ మొదట కేంబ్రిడ్జిలో గణితం చదివినవాడు. ఆ తర్వాతే బెర్లిన్ వెళ్ళి సంస్కృత పాఠపరిశోధన నేర్చుకున్నాడు. గళ్ళ కాగితం ఆయనకు కొత్త కాదన్నమాట.

ఆయన వాదం వింటే మా ఆడిటర్లు గుర్తొచ్చారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే దాన్ని నమ్మాలి. కాశ్మీరు ప్రతి, కేరళ ప్రతి ఒకదాన్ని చూసి ఒకటి రాసుకునే అవకాశం తక్కువ. రెండింటిలోనూ ఉన్నది పాతది కావడానికే ఎక్కువ వీలుంది. ఇలా తూచి చూస్తే వ్యాసుడు చెబుతుండగా గణపతి రాశాడన్న కథ కూడా మూలంలో నిలవక అనుబంధంలోకి వెళ్ళింది. వీధివీధికీ గణపతి మండపం వేసే పుణేలో కూర్చుని ఆ మాట అచ్చువేశారంటే గుండె ధైర్యం ఉన్నవాళ్ళే.

"మరి మన తెలుగు ప్రతులు ఎలాంటివి?" అని ఆశగా అడిగాను. వాటిలో కొన్నిట్లో ఉత్తరాది పాఠాలూ దక్షిణాది పాఠాలూ కలిసిపోయాయి, విడదీయడం కష్టం, అన్నాడు పెద్దాయన. మా అమ్మాయి పక్కనుంచి తెలుగులో, "మనలెక్కనే" అంది. ఇంట్లో మేం మాట్లాడే తెలుగులో సగం మరాఠీయే కదా. నవ్వొచ్చింది గానీ, కొంచెం గుచ్చుకుంది కూడా.

తర్వాత మాటల్లో దామోదర్ ధర్మానంద కోశాంబి పేరు వచ్చింది. ఇక్కడ ఒక తమాషా జరిగింది. నాకు కోశాంబి అంటే నాణేల కోశాంబి. బ్యాంకులో చేరిన కొత్తలో ఒక సీనియర్ ఆఫీసరు చెప్పగా విన్నాను. పాతకాలపు ముద్ర వెండి నాణేలు సుమారు 32 గురివింద గింజల ఎత్తు ఉండాలి. చేతులు మారేకొద్దీ నాణెం అరుగుతుంది. ఎక్కువ కాలం తిరిగిన వాటి సగటు బరువు తగ్గుతుంది, ఒకదానికీ ఒకదానికీ మధ్య తేడా పెరుగుతుంది. ఈ లెక్కతో కోశాంబి తక్షశిలలో దొరికిన నాణేలను ఒక్కొక్కటే తూచి, ఏవి ముందువో ఏవి తర్వాతవో తేల్చడానికి పూనుకున్నాడు. లెక్క నిజమా కాదా అని తన కాలంలో చలామణిలో ఉన్న నాణేలను కూడా తూచి చూశాడు. బ్యాంకువాడికి ఇంతకన్నా నచ్చే చరిత్రకారుడు ఎవరుంటారు?

మా అమ్మాయి నావైపు వింతగా చూసింది. "నాణేలేంది? కోశాంబి మా జెనెటిక్స్‌ల ఉంటడు" అంది. దారానికి పూసల్లా జన్యువులు వరసగా ఉంటాయట. రెండు పూసలు ఎంత దూరంగా ఉంటే, తర్వాతి తరంలో అవి విడిపోయే అవకాశం అంత ఎక్కువ. విడిపోయినవి లెక్కపెడితే దూరం తెలుస్తుంది. కానీ రెండుసార్లు తెగి మళ్ళీ పక్కకు చేరినవి లెక్కకు అందవు. ఆ లోటును సరిచేసే సూత్రాల్లో ఒకటి కోశాంబి 1940లలో ఇచ్చాడు. ఇవాళ్టికీ కంప్యూటర్లలో ఆ పేరుతోనే వాడుతున్నారు.

పెద్దాయన ఇద్దరి మాటలూ విని, లేచి వెళ్ళి ఒక పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. 1948లో అచ్చయిన భర్తృహరి సుభాషితాల పరిష్కరణ. సంపాదకుడు కోశాంబి. ఆయనకు తెలిసిన కోశాంబి ఈయనే!

ముగ్గురం అనుకున్నదీ ఒక్క మనిషినే. ఫెర్గూసన్ కాలేజీలో 1945 దాకా లెక్కలు చెప్పి, ఆ తర్వాత 1962 వరకు బొంబాయి టాటా సంస్థలో పనిచేస్తూ రోజూ డెక్కన్ క్వీన్‌లో పుణే నుంచి వెళ్ళివచ్చినవాడు. భర్తృహరి కోసం 370కి పైగా ప్రతులు చూశాడు. ఆ పేరుతో అన్నిట్లో కలిపి 850కి పైగా శ్లోకాలు తేలితే, అందులో దాదాపు అన్ని శాఖలకూ సమానంగా ఉన్నవి సుమారు 200 మాత్రమే. శతకాలు మూడు కాబట్టి మూడు వందలు ఉండాలని నాలాంటివాడు అనుకుంటాడు. ఆయన మాత్రం లెక్క తేలిన చోటే ఆగాడు. 1966 జూన్ 29న పోయాడు, మహాభారతం సభకు మూడు నెలల ముందు.

మధ్యాహ్నం చోపడీ బయటికి తీశాను. మా అమ్మాయి మరాఠీ బడిలో చదివింది. తెలుగు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతుంది. నాలుగు పేజీలు తిప్పి ఆగిపోయింది. పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని, "ఈ ఎర్ర సిరా ఎవరిది?" అని అడిగాడు.

నాది. 1994లో బ్యాంకు ట్రైనింగుకు హైదరాబాదు వెళ్ళినప్పుడు సుభాషితాల అచ్చుపుస్తకం కొన్నాను. కొత్త ఉద్యోగం, లెడ్జరు టిక్కు కొట్టడం నేర్చుకున్న వేడి. ఇంటికొచ్చి తాత రాతను అచ్చుతో పోల్చి తప్పులన్నీ దిద్దేశాను. 'ప' రాసిన చోట 'వ', 'ధ' రాసిన చోట 'థ'. కొన్నిచోట్ల బ్లేడుతో గీకి మరీ రాశాను. విడిచిపెట్టిన పద్యాన్ని అంచులో ఎక్కించాను. అప్పుడు మా నాయన చూసి ఒక్క మాటా అనలేదు. మెచ్చుకున్నాడనుకున్నాను.

"బాపూ, తప్పులే కదా మాకు కావల్సింది" అంది మా అమ్మాయి. కోప్పడలేదు, అదే బాధ. నకలు తీసేటప్పుడు జన్యువులోనూ తప్పు దొర్లుతుంది, పిల్లలకు దిగుతుంది. ఒకే తప్పు రెండు జాతుల్లో ఉంటే వాటి పూర్వీకులు ఒకరే అయి ఉండొచ్చు. 1998లో కేంబ్రిడ్జి జీవరసాయన శాస్త్రజ్ఞులు ఇంగ్లీషు పండితులతో కలిసి, జీవుల వంశవృక్షం గీసే పద్ధతినే చాసర్ కవి కాంటర్‌బరీ కథల్లో ఒక భాగానికి వాడారట. 58 చేతిరాత ప్రతులను అలా పోల్చి చూసి, చాసర్ సొంత ప్రతి పూర్తికాని చిత్తుప్రతిలా ఉండి ఉంటుందని తేల్చారట.

ఇది నాకు తెలియని విద్య కాదు. చేతి లెడ్జర్ల రోజుల్లో ట్రయల్ బ్యాలెన్సు కలవకపోతే తేడాను తొమ్మిదితో భాగించేవాళ్ళం. నిశ్శేషంగా పోతే 54కు 45 రాశారేమోనని వెతికేవాళ్ళం. ఒకే తప్పు రెండు పుస్తకాల్లో కనిపిస్తే ఒకటి చూసి మరొకటి రాశారనీ, లేదా రెండూ మూడో పుస్తకం చూసి రాశారనీ ఏ గుమాస్తాకైనా తెలుసు. ఆ తప్పును గీకేసినవాణ్ణి మా ఆడిటర్లు ఊరికే వదిలేవారు కాదు.

సాయంత్రం బండికి తిరిగొచ్చాను. ఉద్యోగం సంగతి మాట్లాడడానికి వెళ్ళినవాణ్ణి, ఆ మాటే ఎత్తలేదు. చోపడీ మాత్రం జిరాక్సు తీయించి తెచ్చాను.

మర్నాడు పెద్దనాయన ఇంటికి వెళ్ళాను. ఆయన ముందు అనుమానంగా చూసినా పుస్తకం తెచ్చి ఇచ్చాడు. మా తాత విడిచిన పద్యమే అక్కడా లేదు! పక్కపక్కనున్న రెండు పద్యాలు ఒకేలా మొదలైతే, రాసేవాడి కన్ను ఒకదాని మీంచి ఇంకోదానికి జారుతుందట. రెండిళ్ళలోనూ అదే జారుడు. ఆయన పుస్తకంలో ఒక పద్యానికి మూడో పాదం లేదు, మాదాంట్లో ఉంది. దాన్నిబట్టి మా తాత ఆయన నాయనది చూసి రాయలేదనిపిస్తుంది, ఆ పాదం నోటికి వచ్చి ఉంటే తప్ప. మరి ఆయన నాయన మాది చూసి రాశాడా? అది తేలాలంటే మా పుస్తకంలోని తప్పులు ఆయన దాంట్లో ఉన్నాయో లేదో చూడాలి. అవి నా ఎర్ర సిరా కింద ఉన్నాయి. అచ్చంగా పదకొండు చోట్ల బ్లేడు పెట్టాను.

దసరాకు మా అమ్మాయి ఇంటికి వచ్చింది, ఒక టార్చి, ఒక భూతద్దం, గళ్ళ కాగితాల కట్టతో. మా తాత పాళీ గట్టిగా నొక్కి రాసేవాడు. దీపం పక్కనుంచి వేస్తే, గీకిన చోట కూడా కాగితం మీద గాడి కనిపిస్తుందేమోనని దాని ఆశ. రాత్రి మాత్రమే వీలవుతుంది. లైట్లు ఆర్పి, నేను చోపడీ పట్టుకుంటాను. అది టార్చి వాలుగా పట్టి, "ఇది పా, వా?" అని అడుగుతుంది. నేను చదివిన అక్షరం గడిలో నింపుతుంది. ఎర్ర సిరాను వేరే రంగుతో, వేరే వరసలో రాస్తోంది. ఆ వరసకు నా పేరే పెట్టింది.

పదకొండింటిలో నాలుగు చదవగలిగాం. రెండు మాది మాత్రమే అయిన తప్పులు. మిగతా రెండు చోట్ల గాడి స్పష్టంగా లేదు. విత్తనాల కంపెనీవాళ్ళకు ఇంకా జవాబు రాయలేదు. నేనూ తొందరపెట్టడం లేదు. పెద్దనాయన మాత్రం రోజూ ఫోను చేస్తున్నాడు.

"ఏమైందిరా, అసలుది ఎవరిదో తేలిందా?"

"ఇంకా లేదు పెద్దనాయనా. ఏడు అక్షరాలున్నయి."