కుట్టు పడవలు

పిల్లలూ! మా నిమ్మనపల్లెకు వస్తే బాహుదా జలాశయం కట్ట ఎక్కి చూడండి. ఎంత నీరున్నా సముద్రపు హోరు వినబడదు. అందుకే బడిలో పాఠం చెప్పేటప్పుడు, విలియం డానియెల్ అనే ఆంగ్లేయుడు 1833లో చిత్రించిన మద్రాసు తీరాన్ని చూపేవాణ్ణి.

అప్పుడు మద్రాసుకు రేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేసేవి. దొరలనూ, సరుకులనూ మసూలా పడవలు ఒడ్డుకు చేర్చేవి. వాటికి మేకులుండవు సుమా! పలకలను కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేవారు. అల ఎత్తి ఇసుక మీద కొట్టినా పడవ కొంచెం వంగేది గాని పగిలేది కాదు. నీళ్ళలో పడ్డవారిని పట్టుకోవడానికి కట్టుమరాలవాళ్ళు పక్కనే ఉండేవారు.

చిత్రంలో అందరి కన్నూ మొదట గాలివాన మబ్బు మీద పడుతుంది. మీరు తెడ్లు వేసే చేతులను చూడండి. చిత్రకారుని పేరు నిలిచింది. ఆ పడవవాళ్ళ పేర్లు ఎవరూ రాయలేదు.

1875లో మద్రాసు రేవు పని మొదలయింది.