వాటం

ఇంగ్లిష్‌లో స్లాంటిండిక్యులర్ అని ఒక మాట ఉంది. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో సరదాగా పుట్టింది. వాలుకు స్లాంట్, నిట్టనిలువుకు పర్పెండిక్యులర్. ఆ రెంటినీ అతికి, నిలువుగానూ లేక అడ్డంగానూ లేక వాలి ఉన్నదానికి ఆ పేరు పెట్టారు. ఇప్పుడు దాన్ని వాడేవాళ్లు అరుదు. ఆ మాట చదివిన రోజు నుంచి మా ప్రొద్దుటూరులో వాలును ఎవరెవరు ఏమంటారో చెవిపెట్టి వింటున్నాను.

నిచ్చెనను గోడకు ఏటవాలుగా ఆనిస్తాం. తలుపు ఓరగా వేస్తాం. గుడ్డను ఐమూలగా కత్తిరిస్తాం. మిద్దెకు వాటం పెడతాం. వీటిలో ఒక మాట ఉండాల్సిన చోట ఇంకొకటి పెడితే చెవికి ఇట్టే తెలిసిపోతుంది. ఏ పనికి ఏ వాలు కావాలో ఆ పని చేసేవాళ్లే పేరు పెట్టుకున్నారు మరి.

మొన్న మా మిద్దె మీద పూత వేయించినప్పుడు వచ్చిన బేల్దారి మేస్త్రీది ఎడమచేతి వాటం. తాపీ ఎడమచేత పట్టుకుని, కుడిచేత్తో సిమెంటు సర్దుతూ వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. నీళ్ల పైపు పట్టి, పదడుగులకు ఒక అంగుళం లెక్కన తూము దిక్కుకు దించుకుంటూ పోయాడు. నా కంటికి అంతా చదునుగానే ఉంది. అదే అడిగితే నవ్వాడు. "కంటికి మట్టంగానే కనపడల్ల సామీ. నీళ్లకు మాత్రం వాటం తెలియల్ల." పూత ఆరాక చెంబెడు నీళ్లు నడిమధ్య పోశాడు. నీళ్లు ఒక్క క్షణం ఆగి, సన్నగా సాగి, తూము దారి పట్టాయి.

బజారులో దర్జీ దగ్గర ఇంకో వాలు చూశాను. రవిక మెడకు పైపింగ్ పట్టీ కావాలి. ఆయన గుడ్డను నిలువుగా లాగి చూపించాడు, సాగలేదు. అడ్డంగా లాగాడు, అంతంతే. మూల నుంచి మూలకు పట్టి లాగితే మెత్తగా సాగింది. ఐమూలగా కత్తిరించిన పట్టీ అయితేనే మెడ వంపు వెంట ముడత లేకుండా తిరుగుతుందట. నిలువు పోగులోనూ అడ్డపు పోగులోనూ లేని మెతకదనం ఆ రెంటి నడుమ వాలులో ఉంది.

ఈ సీమ బతుకంతా వాటం మీదే నడిచింది. పెన్న గండికోట దగ్గర ఎర్రమల కొండలను కోసుకుని, జమ్మలమడుగు దాటి మా ఊరి పక్కగా పారుతుంది. పల్లానికి పారే నీళ్లకు ఎవరి తోడూ అక్కర్లేదు. అదే 26.85 టీఎంసీల గండికోట జలాశయం నుంచి పులివెందుల వైపు చిత్రావతి రిజర్వాయరుకు నీళ్లు పోవాలంటే పంపులు పెట్టి మెట్టు మెట్టుగా ఎత్తిపోయాలి. నేల అడుగున రాయి కూడా వాలిందే. పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం గనిలో ఖనిజపు పొర సుమారు 15 డిగ్రీల వాలున కిందికి దిగుతుంది. అందుకే అక్కడ గనిలోకి నిలువు బావి గుండా కాక, ఏటవాలు సొరంగాల గుండా దిగుతారు.

ఈ మాటలన్నిటిలో నాకు వాటమంటే ప్రాణం. వాటమంటే వాలు, వాటమంటే అనువు కూడా. చేతికి వాటంగా ఉంది అంటే పట్టుకోవడానికి కుదిరిందని. గాలివాటం, దొంగల చేతివాటం లాంటి చెడ్డ వాడుకలూ లేకపోలేదు. కానీ నాకు మొదట తోచేది మాత్రం నీళ్ల సంగతే: ఎటు సులువో అటు సాగడం. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తన నిఘంటువులో పండితుల మాటలతో పాటు జనం నోటి మాటలకూ చోటిచ్చాడు. ఇలాంటి మాటలు వింటుంటే, జనం దగ్గరికి వెళ్లి వినాలన్న బుద్ధి ఆయనకు పుట్టడం ఎంత మంచిదయిందో అనిపిస్తుంది.

మా తమ్ముడిది ఎడమచేయి. చిన్నప్పుడు బళ్లో ఆ చేత్తో బలపం పట్టినందుకు వేళ్ల మీద బెత్తంతో కొట్టారు. వాడు ఏడుస్తూ ఇంటికొచ్చి, కుడిచేత్తో అ దిద్దబోయి, వంకర పోయిందని పలక విసిరేశాడు. మా అవ్వ ఆ పలక తుడిచి, బలపం తీసి వాడి ఎడమచేతిలోనే పెట్టింది. "వాని చేతి వాటం అది. నీళ్లను మిట్టకు పారమంటే పార్తాయా?" అంది ఇంట్లో అందరికీ వినపడేట్టు.

ఎడమచేయి తప్పు అనలేదు మన భాష. వాటం అంది, అంటే ఆ చేతికి అటే పల్లం. పిల్లల చేత అక్షరాలు దిద్దించే ప్రతి ఒక్కరికీ ఈ ఒక్క మాట గుర్తుండాలని నా కోరిక. ఆ సాయంత్రం అవ్వ పక్కన కూర్చుని మా తమ్ముడు ఎడమచేత్తో దిద్దిన అ గుండ్రంగా, తొణక్కుండా వచ్చింది.