అజెండాలో ముందు ఏం కనబడాలి?

ఈమాక్స్‌లో ఆర్గ్ మోడ్ వాడేవాళ్లకి ఒక మాట. అజెండా తెరిస్తే ప్రతి పని ముందూ ఫైలు పేరే వస్తోందా? అలాగే ఉండాలని రూలేం లేదు. ‘ఆర్గ్-అజెండా-ప్రిఫిక్స్-ఫార్మాట్’ అనే సెట్టింగు చూడండి. శాతం గుర్తు తర్వాత సి ఉంటే కేటగిరీ (మామూలుగా ఫైలు పేరే), టి ఉంటే టైము, ఎస్ ఉంటే గడువు వివరం. నేను సి తీసేసి బి పెట్టుకున్నాను. ‘ఫోన్ చెయ్యాలి’ అన్న పని ముందు ‘ఇల్లు’, ‘ప్లంబరు’ అని పై హెడ్డింగులు వస్తున్నాయి. ఎవరికి చెయ్యాలో వెతుక్కునే పనే లేదు! తెలుగు అక్షరాల వెడల్పు ఒకేలా ఉండదు కాబట్టి వరస కాస్త చెదురుతుంది, అయినా నాకిదే నచ్చింది. 2003లో కార్స్‌టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇంత స్వేచ్ఛ ఉంది. వాడుకోండి. మీరెలా పెట్టుకున్నారో నాకూ చెప్పండి.