సీట్లు నిండితేనా? టైమైతేనా?

ఆర్టీసీ అనగానే మనకు ముందు గుర్తొచ్చే మాట ‘నష్టాలు’. ‘ప్రైవేటోళ్లకు ఇచ్చి చూడుండ్రి, ఏడాదిల లాభాలొస్తయ్’ అని వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తుంటారు. నాకు ఈ పంచాయితీ ఇంట్లోనే ఉంది. మా బాపు ఉట్నూరు వైపు ఆర్టీసీ కండక్టర్. మా మేనమామకు కరీంనగర్‌లో మూడు ట్రావెల్స్ బండ్లున్నాయి. పండక్కి ఇద్దరూ కలిస్తే ముచ్చట అటే పోతుంది.

‘బావా, నా బండి సీట్లు నిండితేనే కదుల్తది. డీజిల్ పైసలు రాని రూట్ల నేనెందుకు తిప్పుత?’ అంటాడు మామ.

‘నీకు నడుస్తది బామ్మర్దీ. నాకు టైమైతే కదలాలె, ఇద్దరే ఉన్నా సరే’ అంటాడు బాపు.

నేను చదివిన ఎంబీఏ మొత్తం ఈ రెండు మాటల మధ్యే ఉంది.

మామకు లెక్క ఒకటే. నెలాఖరుకు ఎంత మిగిలింది? రూటు గిట్టకపోతే మానేస్తాడు. డ్రైవర్ నచ్చకపోతే మారుస్తాడు. పండగ సీజన్‌లో రేటు పెంచుతాడు. అన్నిటికీ ఆయనే బాస్. ఆర్టీసీలో అట్ల కుదరదు. చార్జీ పెంచాలంటే సర్కారు ఒప్పుకోవాలి. ఉద్యోగం ఇవ్వాలంటే నోటిఫికేషన్, రిజర్వేషన్ ఉండాలి. ఏదైనా కొనాలంటే టెండర్. ఒక ఊరికి బస్సు ఆగితే సర్పంచ్ నుంచి ఎమ్మెల్యే దాకా అందరూ అడుగుతారు. అడిగే హక్కు వాళ్లకుంది, ఎందుకంటే అది అందరి సొత్తు. 1932లో నిజాం కాలంలో 27 బస్సులతో మొదలైనప్పుడు కూడా అది సర్కారు శాఖే.

అసలు తేడా 2023 డిసెంబర్ 9 నుంచి ఇంకా బాగా కనబడింది. ఆ రోజు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఫ్రీ. మామ బండి నిండితే జేబు నిండుతుంది. బాపు బస్సు కిటకిటలాడినా క్యాష్ బ్యాగు తేలిగ్గానే ఉంటుంది. ఆ టికెట్ల పైసలు సర్కారు సంస్థకు కట్టాలి. అంటే బస్సు ఎంత బాగా నడిపినా, ఖజానా నుంచి పైసలు టైముకు రాకపోతే డిపోకు కష్టమే.

మా చిన్నాన్న బిడ్డ ఉట్నూరులో ఇంటర్ చదువుతోంది. సాయంత్రం ఊరికి పోయేది ఒక్కటే బస్సు. ఆ ట్రిప్పులో కిలోమీటరుకు ఎంతొస్తుందో చూస్తే తీసేయాల్సిందే. తీసేస్తే ఆ పిల్ల చదువు ఆగుతుంది. ఆ నష్టం ఏ బ్యాలెన్స్ షీటులో రాస్తారు? హైదరాబాద్ లాంటి రద్దీ రూట్ల రాబడి ఇలాంటి ఊళ్ల బస్సులకు ఆసరా. ప్రైవేటు వాళ్లు అడిగేదేమో ఆ రద్దీ రూట్లే.

అట్లని సేవ పేరు చెప్పి అన్నీ మాఫీ చేయాలని కాదు. బండి మధ్యలో ఆగినా, డీజిల్ వృథా అయినా గట్టిగా అడగాల్సిందే. ఈ విషయంలో మామ దగ్గర నేర్చుకునేది చాలా ఉంది. టైరు అరిగిందంటే అదే రోజు చూస్తాడు. ఏ ఫైలూ కదలాల్సిన పని లేదు.

ఇప్పుడు మామ ‘వచ్చి నా బిజినెస్ చూసుకోరా’ అంటున్నాడు. నేనేమో గ్రూప్స్‌కు చదువుతున్నా. జీతం సంగతి పక్కనపెడితే రెండింటిలో ఏది కష్టమో నాకిప్పుడు తెలుసు. ఒక్కరికి లెక్క చెప్పడం కంటే అందరికీ జవాబు చెప్పడమే కష్టం. ఈసారి ఎవరైనా ‘ఆర్టీసీకి నష్టం ఎంత?’ అంటే, ‘ఆ బస్సు లేకపోతే ఊరికి నష్టం ఎంత?’ అని కూడా అడగండి. రెండు లెక్కలూ చూసినంకనే తీర్పు చెబుదాం.