క్లచ్ మీద ఎడమకాలు

ఆడవాళ్ళకి ఆటోమేటిక్, మగవాళ్ళకి మాన్యువల్. ఈ పంపకం ఎవరు చేశారో గానీ కార్ల గురించి మాట్లాడే ప్రతిచోటా వినిపిస్తూనే ఉంటుంది. నవలల్లో స్త్రీ పాత్రలు గడప దాటే సందర్భాల గురించి ఏళ్ళ తరబడి చదివి డాక్టరేట్ పుచ్చుకున్న నాకు ఈ చిన్న మాట కూడా చదవాల్సిన పాఠంలాగే కనిపిస్తుంది. "మీకు సుఖంగా ఉంటుంది" అనే మర్యాద వెనక "మీకు చేతకాదు" అన్న తీర్పు దాక్కుని లేదూ?

గత ఏడాది టర్బో పెట్రోలు కారు కొనాలనుకున్నాను. జీతం నాది, అప్పు నాది, ప్రయాణమూ నాదే. పాటల సేకరణ కోసం నెలకి రెండుసార్లు విశాఖ నుంచి ఎస్.కోట దాటి, అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్ళాలి. షోరూములో నేనడిగిన ప్రశ్న సాదాసీదాదే. మలుపులో వేగం తగ్గి మళ్ళీ ఎత్తు ఎక్కేటప్పుడు టర్బోకి ఏ గేరుబాక్సు నప్పుతుంది? జవాబు మాత్రం పక్కనున్న మా తమ్ముడికి వెళ్ళింది: "మేడమ్‌కి ఆటోమేటిక్కే మంచిది సార్." వాడికి అసలు డ్రైవింగే రాదు!

సరే, నేనే చదువుకున్నాను. టర్బో ఆలోచనకి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఇంజను వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో కొసనున్న చక్రం గాలిని ఒత్తి ఇంజనులోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనమూ ఎక్కువ మండించొచ్చు గనక చిన్న ఇంజనే పెద్ద పని చేస్తుంది. కానీ ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ పొగ చాలదు. ఎక్సలేటరు తొక్కినా బండి క్షణంపాటు తటపటాయిస్తుంది. దాన్నే టర్బో లాగ్ అంటారు.

మాన్యువల్‌లో ఆ క్షణాన్ని మన చెయ్యీ, ఎడమకాలూ చూసుకోవాలి. మలుపుకి ముందే రెండో గేరుకి దిగితే ఇంజను చురుగ్గా తిరుగుతూ టర్బోని సిద్ధంగా ఉంచుతుంది. టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్‌లో ఇంజను బలాన్ని నూనె అందిస్తుంది. అది కొంత జారుతూ ఇంజనుని పుంజుకోనిస్తుంది, బయల్దేరేటప్పుడు బలాన్ని పెంచుతుంది కూడా. అందుకే లాగ్ అంతగా తెలీదు. రెండు క్లచ్‌ల గేరుబాక్సు తర్వాతి గేరుని ముందే సిద్ధం చేసుకుంటుంది గనక టర్బో ఒత్తిడి పెద్దగా పడిపోదు. అయితే పొడి క్లచ్‌ల రకం, ఎత్తుమీద పాక్కుంటూ పోయే ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. చవగ్గా దొరికే ఏఎమ్‌టీ నిజానికి మాన్యువల్ గేరుబాక్సే. క్లచ్ తొక్కే పని యంత్రం చేస్తుంది, గేరు మారినప్పుడల్లా బలం తెగి తల ముందుకి ఊగుతుంది. అంటే 'ఆటోమేటిక్' అనేది ఒక్కటి కాదు, 'లేడీస్' అనేది ఒక్కటి కానట్టే.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, భర్త తయారుచేసిన కారుని ఆయనకి చెప్పకుండానే జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్‌ట్స్‌హైమ్ దాకా వంద కిలోమీటర్లకి పైగా నడిపింది. ఎత్తుల దగ్గర బండిని నెట్టాల్సొచ్చింది. తిరిగొచ్చాక కొండలెక్కడానికి ఇంకో గేరు కావాలని చెప్పింది. గేర్ల గురించి ఆడవాళ్ళకేం తెలుసనేవాళ్ళు ఈ కథ ఎప్పుడైనా విన్నారా?

అలాగని మాన్యువల్ నడపడమే స్వేచ్ఛ అనే స్నేహితురాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. మా కాలేజీలో ఒక అక్కకి పోలియో వల్ల ఎడమకాలు స్వాధీనంలో లేదు. ఆటోమేటిక్ కొనుక్కున్నాకే ఆమె ఎవర్నీ బతిమాలకుండా ఊరు దాటగలిగింది. ఆమె ఎదుట క్లచ్‌ని ధీరత్వానికి గుర్తుగా ఎలా చెప్తాం?

నేను మాన్యువల్ తీసుకున్నాను. ధర తక్కువ, ఘాట్‌లో ఏ మలుపు దగ్గర గేరు దించాలో నేనే తేల్చుకోవడం నాకిష్టం. రేపు మోకాలు మొరాయిస్తే టార్క్ కన్వర్టర్‌కి మారతాను, అందులో చిన్నతనమేమీ లేదు. అక్క ఎంపికా నా ఎంపికా వేరు. రెండింటి వెనకా ఉన్నది మా ఒళ్ళు, మా దారి, మా లెక్క. వాటిని అడగకుండా మన తరపున ఎవరు గేరు వేసినా, అది సుఖం పేరుతో వేసినా సరే, ఒప్పుకోవాల్సిన పనిలేదు.