చవితినాటి స్థితి

మా యింటి కంప్యూటరు చెడిపోయి మూడు దినములు మేము పడిన యాతనను ఇచ్చట వ్రాయుటకు కొంత సిగ్గుగనే యున్నది. ఏలయన దానిని చెడగొట్టినది మేమే. ఐనను ఇట్టి యంత్రము ఈ కాలమున పెక్కు ఇండ్లలో నున్నది. పిల్లల చదువులు, ఇంటి పద్దులు, పెండ్లినాటి ఛాయాపటములు దానిలో దాచుకొనని గృహిణి అరుదు. కావున మాకు తెలియవచ్చిన సంగతి సోదరీమణులకు గూడ తెలిసినచో మేలని తలచి సిగ్గు విడిచి వ్రాయుచున్నాము.

మా వారు బడిపంతులు. పరీక్షల పట్టికలు వ్రాసికొనుటకై ఈ యంత్రమును కొనిరి. వారు బడికి పోయిన పిమ్మట మధ్యాహ్నములందు అది మా పాలబడెను. మా నాయనగారు చిన్ననాట మాకు ఇంటియొద్దనే భారత భాగవతములు చెప్పిరి. మా చదువంతయు అదియే. వారు పద్యములకు అర్థము చెప్పుచు, కఠినపదములకు మా ప్రాంతపు వాడుక మాటలను సరిచూచి, అయిదు పొడవాటి పుస్తకములలో వ్రాసికొనిరి. వారు గతించిన తరువాత ఆ పుస్తకములు మా యింటికి వచ్చెను. అప్పటికే అటుకమీద వాన నీటికి తడిసి చెదలు పట్టియుండెను. అందులో మూడవ పుస్తకము మఱియు పాడైనది. పుట విప్పినచోటనే పొడియై రాలుచుండెను. అందుచే దానినే మొదట కంప్యూటరులోనికి ఎత్తి వ్రాసితిమి. వ్రాసిన పిదప ఆ తునుకలను గుడ్డలో మూటగట్టి దాచితిమిగాని, అవి యిక చదువుటకు పనికివచ్చునవి కావు.

2025వ సంవత్సరపు వినాయకచవితికి మా తమ్ముడు హైదరాబాదునుండి వచ్చెను. అతనికి కంప్యూటరు పనియే జీవనము. పండుగనాటి సాయంకాలము మా యంత్రము ముందు కూర్చుండి, "అక్కయ్యా, దీనిలో ఒక రక్షణ కలదు. అది మూతపడియున్నది. తెఱచి పోవుచున్నాను" అని యేదో చేసెను. మేము ఉండ్రాళ్ళ పనిలో నుంటిమి. సరే నాయనా యంటిమేగాని ఏమిటని యడుగలేదు.

అతడు వెళ్ళిన వారమునకు మావలన ఒక పొరపాటు జరిగెను. మూడవ పుస్తకమునకు ఒకే పేరు గల రెండు ప్రతులు కనబడగా, ఒకటి చాలునని రెండవదానిని తుడిచి, చెత్తబుట్టను గూడ ఖాళీ చేసితిమి. తుడిచినది నిండు ప్రతి. మిగిలినదానిలో మొదటి పది పుటలు మాత్రమే యుండెను. ఈ సంగతిని మా వారికిగాని, పండుగలకు మాయొద్దకు వచ్చియున్న మా యమ్మకుగాని చెప్పుటకు నోరు రాలేదు. రాత్రులు నిద్ర పట్టక, ఆ మూటను విప్పి చూచి మరల కట్టుచుంటిమి.

దసరా సెలవులలో రెండవ పొరపాటు జరిగెను. యంత్రము మందముగా నడచుచున్నదని మేము విసిగియున్న సమయమున తెరమీద ఒక ప్రకటన వచ్చెను. మీ యంత్రములోని డ్రైవరులన్నియు పాతబడినవి, ఒక్క మీట నొక్కిన క్రొత్తవి వేసెదమని దాని సారాంశము. నొక్కితిమి. ఏదో చాలసేపు జరిగెను. మరల తెఱవబోగా నీలి తెర, దానిమీద ఏడ్పుమొగము గుర్తు. ఆర్పి వెలిగించినను అదియే. డ్రైవరు చెడెనని తరువాత తెలిసి చెప్పగా మా యమ్మ, "ఇంతటి పెట్టెలో డ్రైవరు ఎక్కడ కూర్చుండును?" అని యడిగెను. ఆమె యడిగినది తప్పుగాదు. తెరకు, మీటల పలకకు, శబ్దమునకు, లోపలి భాండారమునకు ఒక్కొక్క చిన్న నడపరి కలడు. అతని మాట ననుసరించియే ఆ యవయవము పనిచేయును. వానిలో ఒకనిని తీసి తగనివానిని నిలిపినయెడల బండి కదలదు.

మా వారు దానిని పట్టణములోని ఒక మరమ్మతు అంగడికి కొనిపోయిరి. అచ్చటి కుఱ్ఱవాడు రెండు నిమిషములు చూచి, "మొత్తము తుడిచి క్రొత్తగా నింపవలెను, లోపలివి పోవును" అనెనట. మా వారికి ఆ మాట నచ్చక, పెట్టెను మరల బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చిరి. మమ్ము కోపగింపలేదు. కోపగించియున్న కొంత సుళువుగా నుండెడిది.

ఆ రాత్రి తమ్మునితో ఫోనులో మాటాడితిమి. అతడు నవ్వి, "తుడువనక్కఱలేదు అక్కయ్యా. చవితినాడు నేను తెఱచి వచ్చినది దీనికొఱకే. యంత్రము బాగుగా నున్న దినమునకు దానిని మరలింతము" అనెను.

చవితినాటికి మరలింతము! ఆ మాట మా చెవిలో ఎట్లు పడెనో వ్రాయలేము. చవితినాడు మూడవ పుస్తకము చెక్కుచెదరక యుండెను గదా. వెంటనే మఱియొక భయము పుట్టెను. చవితి తరువాత నాలుగవ పుస్తకములో నలువది పుటలకు పైగా వ్రాసితిమి. అవి పోవునేమో. పోయినను పోనిమ్ము, వాని మూలము చేతనున్నది, మరల వ్రాసికొందుము, మూడవది వచ్చిన చాలునని లోలోపల బేరమాడుకొంటిమి.

మఱునాడు ఉదయము ఫోనును తెరకెదురుగా నిలిపి తమ్ముడు చెప్పినట్లు చేసితిమి. యంత్రము రెండు మూడు మాఱులు లేవజూచి లేవలేనపుడు తనంతట తానే ఒక మరమ్మతు తెరను చూపును. అందులో ట్రబుల్‌షూట్ అనుదానిని, దాని లోపల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనుదానిని, అందులో సిస్టమ్ రిస్టోర్ అనుదానిని ఎన్నుకొనవలెను. అంతట అది కొన్ని తేదీలను, వాని యెదుట చిన్న వివరణను చూపును. వీనినే రిస్టోర్ పాయింట్లందురు. మాకు రెండు కనబడెను. ఒకటి తమ్ముడు చవితినాడు తన చేతితో పెట్టి "అక్కయ్య ఇల్లు" అని పేరు వ్రాసినది. రెండవది, దసరాకు పదిదినములు ముందు విండోస్ తన నవీకరణమునకు పూర్వము తానే పెట్టుకొన్నది.

"రెండవదానిని ఎన్నుకొనుము. జబ్బునకు ముందటి దినములలో దగ్గఱిదానిని పట్టవలెను. ఊరక దూరము పోరాదు" అనెను తమ్ముడు.

"కాదు నాయనా, చవితిదే కావలెను" అంటిమి.

"ఎందులకు?"

మేము మాటాడలేదు. అతడు మరల నడిగెను. వెనుక మా వారు నిలిచియుండిరి, మా యమ్మ గుమ్మమునొద్ద చాటలో బియ్యము పోసికొని కూర్చుండెను. ఇక దాచుటకు వీలులేక మూడవ పుస్తకము సంగతి చెప్పివేసితిమి. కొంతసేపు అటునుండి శబ్దము లేదు. పిమ్మట మా తమ్ముడు మెల్లగా, "అక్కయ్యా, చవితికి పోయినను అది రాదు" అనెను.

ఇచ్చట ఈ యుపాయపు తత్త్వమును కొంత చెప్పవలసియున్నది. మేము మొదట తెలియక పొరబడినది దీనియందే. కాలము వెనుకకు మరలునని ఈ పేరు వినినవారికి తోచును. మరలునది కాలము గాదు, యంత్రపు టేర్పాటు మాత్రమే. విండోస్ గల ప్రతి కంప్యూటరులోను రిజిస్ట్రీ యను పెద్ద దస్తరము కలదు. పూర్వము గ్రామకరణమునొద్ద నుండిన లెక్కల కట్టవంటిది. ఏ యవయవమునకు ఎవడు నడపరి, ఏ సాధనము ఎచ్చట నున్నది మున్నగునవి యన్నియు అందు వ్రాయబడియుండును. రిస్టోర్ పాయింటు అనగా, ఒక దినమున ఆ దస్తరమును, విండోస్ యొక్క ముఖ్యమైన భాగములను, డ్రైవరులను ఉన్నవి యున్నట్లు గుర్తించి దాచుకొనుట. మరలించినపుడు ఆ దినపు దస్తరము, ఆ దినపు నడపరులు తిరిగి వచ్చెదరు. ఆ తరువాత చేర్చిన సాధనములు తొలగును. మనము వ్రాసికొన్న వ్రాతల జోలికి, పటముల జోలికి అది పోదు. ఉన్నవానిని తీయదు, పోయినవానిని తేదు.

ఏ నియమముచేత మా నాలుగవ పుస్తకము నిలిచెనో, ఆ నియమముచేతనే మూడవది రాకపోయెను.

రామాయణమున హనుమంతుడు తెచ్చిన కొండమీద నాలుగు ఓషధులుండెనని సోదరీమణులెఱుగుదురు. మేము కోరినది మృతసంజీవని. మాకు దొరకినది విశల్యకరణి, అనగా దేహమున నాటిన బాణమును ఊడబెఱుకునది. అదియు చిన్నది గాదు. దిగులుతో నుండుటచే ఆ సమయమున మాకట్లు తోపలేదు.

తమ్ముడు చెప్పినట్లు రెండవదానినే ఎన్నుకొంటిమి. ఏ యే సాధనములు తొలగునో ముందుగ చూచుకొనుటకు అచ్చట ఒక మీట కలదు. దానిని నొక్కగా, మేము వేసిన ఆ పాడు సాధనమును, మా వారు పండుగ సెలవులలో వేసికొన్న లెక్కల సాధనమొకటియు కనబడెను. రెండవదానిని పిమ్మట మరల వేసికొనిరి. తుదకు, మొదలుపెట్టినచో మధ్య ఆపరాదని యొక హెచ్చరిక వచ్చును. దానిని పాటింపవలెను. మా యూర విద్యుత్తు చెప్పక పోవుచుండుట వాడుక గనుక, మా వారు పొరుగింటి ఇన్వర్టరునుండి తీగ లాగి తెచ్చిరి. మఱియొక మాట: ఈ మరమ్మతు తెరనుండి మరలించినయెడల ఆ మరలింపును రద్దు చేసికొనుటకు వీలుండదు. యంత్రము లేచి నడచుచున్నపుడు చేసినదైన రద్దు చేసికొనవచ్చును. ముప్పావు గంట పట్టెను. ఆ ముప్పావు గంటయు మా వారు కుర్చీలో కదలక కూర్చుండిరి. యంత్రము లేచెను. పని నెరవేఱినది, మీ వ్రాతలకు మార్పు లేదని తెరమీద వచ్చెను. నాలుగవ పుస్తకమును తెఱచి చూచితిమి. కడపట వ్రాసిన వాక్యము సగములో ఆగినది ఆగినట్లే యుండెను.

తమ్ముడు ఆ దినమంతయు ఇతర ఉపాయములు గూడ చేసి చూచెను. ఏదియు ఫలింపలేదు. తుడిచి నెల దాటినది, దానిమీద మఱి యెన్నియో వ్రాతలు పడినవని చెప్పెను.

గృహిణులకు పనికివచ్చు సంగతులు రెండు మూడిక్కడనే వ్రాసెదము. ఈ యుపాయము 2000వ సంవత్సరమున విండోస్ మిలీనియమ్ ఎడిషన్‌లో మొదట కానవచ్చి, 2001లో ఎక్స్‌పీతో అనేకుల యిండ్లకు చేరెను. తరువాతి విండోస్‌లలో గూడ కలదుగాని, పెక్కు యంత్రములలో మా దానియందువలె మూతపడియుండును. కంట్రోల్ ప్యానెల్ లోని సిస్టమ్ ప్రొటెక్షన్ అనుచోట చూచి తెఱచుకొనవలెను. దానికి భాండారములో కొంత చోటు కేటాయింపవలెను. ఆ చోటు నిండినపుడు, అలమరలో క్రొత్త జాడీకై పాత జాడీని తీసినట్లు, పాత గుర్తులు తొలగిపోవును. విండోస్ 11లోని 24హెచ్‌2 అను కూర్పులో, 2025 జూన్ నవీకరణము తరువాత, ఈ గుర్తులు 60 దినములకు మించి నిలువవు. కావున ఎప్పుడో ఒకనాడు పెట్టితిమిగదా యని నిశ్చింతగా నుండరాదు. ఏదేని క్రొత్తది వేయబోవునపుడు ముందు ఒక గుర్తు పెట్టుకొనుట మేలు. వ్రాతలకు మాత్రము వేఱు ప్రతి వేఱుచోట నుండవలసినదే. దానికి దీనికి సంబంధము లేదు.

ఆ సాయంకాలము మేము వంటయింటిలో ఊరక కూర్చుండియుండగా మా యమ్మ వచ్చి, "మూడవ పుస్తకములో ఏ కథ?" అని యడిగెను.

"యయాతి" అంటిమి.

మా యమ్మ ఏ పద్యమును పుస్తకములో చదివినది గాదు. నాయనగారు మాకు వసారాలో పాఠము చెప్పుచుండగా ఆమె లోపల కూరలు తరుగుచుండెడిది. ఆమె వినుచున్నదని మేము ఎన్నడును అనుకొనలేదు, నాయనగారు గూడ అనుకొని యుండరు. "ముదిమి యను మాట వచ్చినపుడు నీవు తెలియదంటివి. ఆయన లోపలికి వచ్చి నా ముందున్న కుప్పలోనుండి ఒక ముదురు కాయను తీసికొనిపోయి నీకు చూపెను. ఇదియే ముదిమి యనెను. ఆ కాయను మరల ఇయ్యలేదు, కూర తక్కువైనది" అనెను.

మాకు ఒడలు జల్లుమనెను. ఆ సంగతి పుస్తకములో నుండెను. ఎత్తి వ్రాసిన మాకే జ్ఞాపకము రాలేదు.

నాటినుండి ప్రతిదినము మధ్యాహ్నము యంత్రమును మా యమ్మ కూర్చుండు గుమ్మము దగ్గఱకు జరుపుకొనుచున్నాము. ఆమె జ్ఞాపకము వచ్చినంత చెప్పును. పుస్తకములోని వరుసలో చెప్పదు. ఒకనాడు దేవయాని, ఒకనాడు పూరుడు. కొన్ని నాయనగారు వ్రాసికొననివి గూడ వచ్చుచున్నవి. వారు చెప్పినదేది, ఆమె కలిపినదేది యని తేల్చుట మా వల్ల కాక, రెంటిని ఒకేచోట వ్రాయుచున్నాము. ఇప్పటికి ఇరువది రెండు పుటలైనవి. సంధ్యవేళ దీపము పెట్టకమునుపే చిన్న పెన్‌డ్రైవులోనికి ఒక ప్రతి తీసి, పోపులపెట్టె వెనుక దాచుచున్నాము.

నిన్న వ్రాసినది చదివి వినిపించుచు, ముదురు బెండకాయ యని చదివితిమి. మా యమ్మ చేయి అడ్డముపెట్టి, "బెండకాయ గాదు, వంకాయ. ఆనాడు ఇంట బెండకాయలు లేవు" అనెను. తుడిచి, వంకాయ యని వ్రాసితిమి.