పిన్నీసు

2024 డిసెంబరులో 'పుష్ప' రెండో భాగం వచ్చినప్పుడు మా మనవడు నన్నూ, మావారినీ పట్టుబట్టి సినిమా హాలుకి తీసుకెళ్ళాడు. జాతర ఘట్టం వచ్చింది. హీరో ఒళ్ళంతా నీలం రంగు పూసుకుని, చీర కట్టుకుని, మెడలో నిమ్మకాయల దండ వేసుకుని నిలబడేసరికి హాలంతా ఈలలు.

"అమ్మమ్మా! మగాడయ్యుండి చీర కట్టుకుని ఎంత ధైర్యంగా నిలబడ్డాడో చూడు!" అన్నాడు వాడు.

నేను మావారి వైపు చూశాను. ఆయన చప్పున తల తిప్పుకుని, ఆ చీకట్లో గోడ మీద ఏదో కనిపిస్తున్నట్టు అటే చూడటం మొదలుపెట్టారు.

"మీ తాతయ్య 1986లోనే కట్టార్రా" అన్నాను.

"నిజంగా? ఎంతమందిని కొట్టారు?"

"ఒక్కణ్ణీ కొట్టలేదు. స్కూటరు తోశారు."

వాడు పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. మావారు మాత్రం నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో మీకు చెబుతాను.

మా పుట్టిల్లు ఒంగోలు. పెళ్ళయి పుత్తూరు కాపురానికి వచ్చేదాకా తిరుపతి గంగమ్మ జాతర సంగతి నాకు తెలియనే తెలియదు. ఏటా మే నెలలో వారం రోజుల పాటు జరుగుతుంది. ఒకరోజు బైరాగి వేషం, ఒకరోజు బండ వేషం, ఇంకోరోజు తోటి వేషం, తరువాత దొర వేషం, ఆ తరువాత మాతంగి వేషం. మొక్కుకున్న మగవాళ్ళు చీరా రవికా తొడుక్కుని, పూలు పెట్టుకుని, గాజులు వేసుకుని తాతయ్యగుంట గంగమ్మ గుడికి వెళతారు. మీసాలున్న వాళ్ళు మీసాలతోనే. చూసినవాళ్ళు నవ్వరు, దణ్ణం పెడతారు. అదీ అక్కడి మర్యాద.

దాని వెనక ఒక కథ ఉంది. వెనకటికి ఒక పాలెగాడు కంటబడిన ఆడపిల్లనల్లా చెరపడుతూ ఉండేవాడట. అవిలాలలో పెరిగిన గంగమ్మ మీద కూడా వాడి కన్ను పడింది. ఆమె తన విశ్వరూపం చూపించేసరికి హడలిపోయి పారిపోయి దాక్కున్నాడు. ఆమె రోజుకో వేషంలో వాడికోసం వెతికింది. చివరికి దొర వేషం వేసుకుని వస్తే, ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని బయటికి వచ్చాడు. అప్పుడు వాణ్ణి చంపింది. ఈ కథ మా అత్తగారు మొదటిసారి చెప్పినప్పుడు "ఆడదాని మాటకి రానివాడు మగవేషానికి వచ్చాడన్నమాట" అన్నాను. "నీకన్నీ వంకరగానే తోస్తాయే అమ్మాయీ" అన్నారావిడ.

మావారికి నాలుగేళ్ళప్పుడు సన్నిపాత జ్వరం వచ్చి, ఇక లాభం లేదనుకున్నారట. "బిడ్డ బతికితే ఆడవేషం వేయిస్తాను తల్లీ, ఇంటి గడప దగ్గరనుంచే వేషంతో పంపిస్తాను" అని మా అత్తగారు మొక్కుకున్నారు. బిడ్డ బతికాడు. చదువులని, ఉద్యోగమని, బదిలీలని మొక్కు మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు గడిచాక ఆవిడ ఇక ఊరుకోలేదు.

"ఒరే, మీ బ్యాంకులో బాకీ పడితే నెలనెలా వడ్డీ వేస్తారు గదా. ఆ తల్లి ఇన్నేళ్ళూ వడ్డీ లేకుండా ఊరుకుంది. ఇంక చాలు" అన్నారు. బ్యాంకు భాషలో చెప్పేసరికి మావారికి సమాధానం దొరకలేదు.

అత్తగారు ముందే తిరుపతిలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళారు. జాతర ముందురోజు సాయంత్రం మేమిద్దరం వెళ్ళాలి. పగలే బస్సులో పోదామన్నాను.

"చీర కట్టుకుని బస్సులోనా? మా బ్యాంకు ఖాతాదార్లందరూ ఆ బస్సులోనే ఉంటారు" అన్నారు. "పొద్దువాలాక స్కూటరు మీద పోదాం. ఎవరూ చూడరు."

అలా పొద్దువాలడం కోసం కూచున్నాం. నా ఆకుపచ్చ చీర, పక్కింటి పిన్నిగారి రవిక, అత్తగారి సవరం. కుచ్చెళ్ళు నిలవవు, పైట నిలవదు. ఒక్కొక్కటే పిన్నీసు పెడుతూ పోతే ఏడయ్యాయి. నా మంగళసూత్రాల గొలుసుకి ఎప్పుడూ నాలుగు పిన్నీసులు, చేతి గాజుకి రెండు వేలాడుతూ ఉండేవి. "మా ఆవిడ నడిచే పిన్నీసుల కొట్టు" అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవారు. ఆ వేళ కొట్టు మొత్తం ఖాళీ అయింది. గాజుకి ఒక్కటి మిగుల్చుకున్నాను.

"మీసం?" అన్నాను.

"మీసం మొక్కులో లేదు" అన్నారు.

వడమాలపేట దాటాం. చీకటి పడుతోంది. రోడ్డుకి అటూ ఇటూ మామిడితోటలు. ఉన్నట్టుండి స్కూటరు వెనకభాగం వయ్యారంగా ఊగింది. దిగి చూస్తే వెనక చక్రం చదునుగా నేలకి అంటుకుపోయింది. స్టెప్నీ ఉందిగా అని ధీమాగా దాన్ని నొక్కి చూశారు. అది అంతకన్నా మెత్తగా ఉంది.

"పోయినవారం పంచరయింది. వేయించాలి, వేయించాలి అనుకుంటూనే ఉన్నా" అన్నారు, చీర కట్టుకుని కూడా మగవాళ్ళు చెప్పే మాటే చెబుతూ.

ఇద్దరం తోయడం మొదలుపెట్టాం. నాలుగడుగులకోసారి కుచ్చెళ్ళు ఆయన కాళ్ళకి చుట్టుకుంటాయి. ఒక బస్సు ఎదురొచ్చింది. దీపాల వెలుగులో ఆయన మీసమూ, సవరమూ చూసి లోపలున్నవాళ్ళు "గంగమ్మ తల్లీ!" అని చేతులెత్తి దణ్ణం పెట్టారు. మావారికి కొంచెం ధైర్యం వచ్చింది. "చూశావా, ఈ వైపు వాళ్ళకి ఇది మామూలే. ఎవరినైనా ఆపి సాయమడుగుదాం" అన్నారు.

బస్సు వెళ్ళిపోయాక చీకటి ఇంకా చిక్కగా అయింది. వెనకనుంచి మోటారు సైకిలు చప్పుడు వినిపించింది. మమ్మల్ని దాటి వెళ్ళి, నెమ్మదించి, మళ్ళీ వెనక్కి తిరిగి వచ్చింది. ఇద్దరు. ఇంజను ఆపేశారు, దీపం కూడా ఆర్పేశారు.

దీపం ఆర్పినప్పుడే నాకు అర్థమైపోయింది. మీలో బస్సుల్లో తిరిగే వాళ్ళెవరికైనా అర్థమై ఉండేది. మావారికి కాలేదు. సాయం చేస్తారేమోనని అటువైపు రెండడుగులు వేశారు.

"ఏం పాపా, ఇద్దరే వచ్చినారా? బండి తోసేదానికి మేం లేమా?" అన్నాడొకడు.

ఆయన నిలబడిపోయారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాను. గొంతు పెంచి, వెనక వందమంది ఉన్నట్టుగా అన్నాను: "వద్దన్నా, మా ఆయన వెనకే జీపులో వస్తున్నారు. ఇదిగో, అయిదు నిమిషాల్లో వచ్చేస్తారు."

మా ఆయన నా పక్కనే ఉన్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రాలేదు.

"వస్తే రానీలే" అని నవ్వారు వాళ్ళు. ఎడమవైపు తోటలో, కాస్త దూరంలో, లాంతరు వెలుగు కనిపించింది. స్కూటరు వదిలేసి ఆయన చెయ్యి పట్టుకుని అటు నడిచాను. పరుగెత్తలేదు. పరుగెడితే వెంటపడతారు. చేతి గాజు నుంచి పిన్నీసు తీసి, విప్పి, గుప్పిట్లో పట్టుకున్నాను. "మాట్లాడకండి, వెనక్కి చూడకండి" అని ఆయన చెవిలో చెప్పాను. ఆయన వేళ్ళు చల్లగా ఉన్నాయి.

వాళ్ళూ వెనకే నడిచారు. ఒకడు చెయ్యి చాచి మావారి భుజం మీద వేసి పైట లాగాడు. ఏడు పిన్నీసులున్నా పైట చిరిగింది. నేను చూసి గుచ్చలేదు, చెయ్యి దానంతట అదే వెళ్ళింది. వాడు "అబ్బా!" అని కేక పెట్టాడు.

ఆ కేకకి తోటలోనుంచి ఒక ముసలమ్మ లాంతరూ, కర్రా పట్టుకుని వచ్చింది. "ఎవుర్రా అది? ఆడోళ్ళ కాడ ఏం పని మీకు?" అని లాంతరు పైకెత్తింది. వెలుగు సూటిగా మావారి ముఖం మీద పడింది. సవరమూ, బొట్టూ, మీసమూ!

వాడు నోరు తెరిచాడు. తరువాత చటుక్కున చేతులు రెండూ జోడించాడు.

"తప్పయిపోయింది అన్నా! మొక్కు వేషమని తెలీలే. ఆడోళ్ళనుకున్న్యాం" అన్నాడు.

ఆ మాట అని, తప్పు దిద్దుకున్న మనిషిలా నిశ్చింతగా వెళ్ళిపోయాడు. వెనకవాడు కూడా మావారికే దణ్ణం పెట్టాడు. పక్కన నేను నిలబడే ఉన్నాను. నావైపు చూడనైనా చూడలేదు.

ముసలమ్మ మమ్మల్ని గుడిసె ముందు కూచోబెట్టి నీళ్ళిచ్చింది. తోట కాపలా అట. వేషం చూసి మావారి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన గబుక్కున వెనక్కి జరిగారు. "నాకు కాదు తల్లీ, నాకు కాదు" అన్నారు. ముసలమ్మ మనవడు స్టెప్నీ చక్రాన్ని సైకిలు వెనక కట్టుకుని పంచరు వేయించడానికి వడమాలపేట వెళ్ళాడు. వాడు వచ్చేదాకా కూచోవాలి.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చిరిగిన పైటని రెండు చేతులతో దగ్గరికి పట్టుకుని కూచున్నారు. చివరికి, "అరవాలనుకున్నాను. నా గొంతు వింటే పారిపోతారనుకున్నాను. గొంతే రాలేదు" అన్నారు.

"మొదటిసారి రాదులెండి" అన్నాను.

ఆయన నా చేతిలో ఉన్న పిన్నీసు వైపు చూశారు. "ఇది... ఎప్పటినుంచి?"

ఏం చెప్పను? నేను రోజూ బస్సులో నగరి బడికి వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చేదాన్ని. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకనాడు బస్సులో జరిగింది ఇంటికొచ్చి చెప్పుకుని ఏడ్చాను. ఆయన చేతిలో పేపరు దించకుండా, "బస్సులో అంతమంది ఆడవాళ్ళుండగా నీకొక్కదానికే ఎందుకు జరుగుతుంది? కాస్త చూసుకుని నిలబడాలి" అన్నారు. చెడ్డ మనిషి కాదు. నా జీతం కోసం బడికి పంపిన మనిషీ కాదు, నేను చెబుతానంటే సంతోషంగా సరేనన్నవారు. కానీ ఆ మాట విన్నాక మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. మర్నాడు వస్తూ వస్తూ ఒక డజను పిన్నీసులు కొనుక్కొచ్చుకున్నాను. వాటినే ఆయన ఏడేళ్ళపాటు వచ్చినవాళ్ళకి చూపించి నవ్వారు.

"మీరు పేపరు చదువుకుంటున్న రోజునుంచి" అన్నాను.

ఆయనకి గుర్తుండదనుకున్నాను. గుర్తుంది. లాంతరు వైపు చూస్తూ చాలాసేపు కూచుని, "అయితే నీకొక్కదానికే కాదన్నమాట" అన్నారు. అంతే. క్షమించమని అడగలేదు. నేనూ ఆ మాట కోసం చూడలేదు.

చక్రం వచ్చింది. చీర పైకి దోపుకుని, లాంతరు వెలుగులో బిగించారు. ముసలమ్మ కొంగులో నాలుగు మామిడిపళ్ళు పోసింది. తిరుపతి చేరేసరికి రాత్రి పదిన్నర. అత్తగారు వీధిలోనే నిలబడి ఉన్నారు.

"ఏరా, ఇంత ఆలస్యం? దోవలో ఏమైంది?"

"పాలెగాడు కనిపించాడమ్మా" అన్నారు మావారు.

ఆవిడ చిరిగిన పైట వైపు చూశారు, నా ముఖం వైపు చూశారు. ఇంకేమీ అడగకుండా సూదీ దారం తెచ్చి దీపం కింద కూచుని పైట కుట్టారు. కుడుతూ కుడుతూ, నావైపు చూడకుండానే, "మా కాలంలో పిన్నీసులెక్కడివి? నేను తలలో సూది పెట్టుకునేదాన్ని" అన్నారు. పన్నెండేళ్ళ కాపురంలో ఆవిడ నాతో చెప్పిన ఒకే ఒక్క రహస్యం అది.

తెల్లవారి ఆ కుట్టిన చీరతోనే మొక్కు తీరింది. మావారు అమ్మవారి ముందు మామూలు కన్నా ఎక్కువసేపు కళ్ళు మూసుకున్నారు.

ఆ తరువాత ఆయన పెద్ద సంస్కర్తేమీ అయిపోలేదు. కాఫీ నేనే కలపాలి, తువ్వాలు నేనే అందించాలి. కానీ రెండు సంగతులు మారాయి. నా పిన్నీసుల మీద ఆయన మళ్ళీ హాస్యమాడలేదు. నేను బడినుంచి ఆలస్యంగా వస్తే, ఆలస్యమెందుకయిందని అడగడం మానేసి, "దోవలో బాగానే ఉందా?" అని అడిగేవారు. మొదటి వారం ఏమీ లేదని చెప్పాను. రెండోవారం నుంచి ఉన్నది ఉన్నట్టు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన పేపరు దించి వినేవారు.

ఈ జాతర మీద జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికా ఆచార్యురాలు 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే ప్రచురించారు. దాని పేరుని మన భాషలో చెప్పాలంటే 'లోకం ఆడదైనప్పుడు' అనాలి. మా అమ్మాయి ఆ పేరు చదివి వినిపిస్తే మావారు, "లోకమంతా అక్కర్లేదమ్మా. వడమాలపేట రోడ్డు మీద ఒక్క గంట చాలు" అన్నారు.

సినిమానుంచి వచ్చాక మనవడికి ఈ కథంతా చెప్పాను. పక్కన వాడి అక్క కూడా ఉంది. అది బెంగుళూరులో ఉద్యోగం చేస్తోంది. రాత్రిపూట ఎక్కడున్నదీ ఇంట్లోవాళ్ళకి తెలిసేలా ఫోనులో పెట్టుకుంటుందట. అయినా అది ఊరికి బయలుదేరేటప్పుడల్లా దాని సంచీలో నాలుగు పిన్నీసులు వేస్తాను. "అమ్మమ్మా, నేను చీర కూడా కట్టను, ఇవెందుకు నాకు?" అని నవ్వుతుంది.

వాళ్ళ తాతయ్య ఏమీ అనకుండా ఆ సంచీ జిప్పు సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూస్తారు.